కెమెరా వాసన చూపించిన ఆయన

కోడుమూరు దగ్గర మా కొడుకు గుర్రాలకు నడక నేర్పించి అమ్ముతాడు. అమ్మకానికి ఫొటోలు తీయడానికి ఒకాయన వచ్చాడు. ప్రతి గుర్రానికీ ముందు కెమెరా వాసన చూపించి, "తీయాల్నా తల్లీ?" అని అడిగేవాడు. గుర్రాన్ని అడిగే మనిషిని నేనెన్నడూ చూడలేదు.

మా తెల్ల గుర్రానికి కంటి కింద వెంట్రుకలు సుడి తిరిగి ఉంటాయి, దాన్ని కన్నీటి సుడి అంటారు. అట్లాంటిది ఇంట్లో ఉంటే ఏడుపేనని ఎవరూ కొనరు. మాకేమో మేత దండగ.

"సుడి కనపడకూడదప్పా" అంటూ కళ్లెం పట్టుకున్నాను. గుర్రం మొహం తెచ్చి నా భుజానికి ఆనించింది. నా చేయి దాని మెడ మీదికి పోయింది. ఆయన టక్కున ఫొటో తీశాడు.

"సుడి దాగిందవ్వా. కానీ అమ్మేదానికి ఇది పనికిరాదు."

"ఏమప్పా?"

"ఇందులో నువ్వు దాన్ని ఇడిసేటట్టు లేవు గదా!"

పనిలేనోడా అని కసిరాను. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. కొడుకును పిలిచి చెప్పాను: "మేత దండగైతే కానీలేరా, దీన్ని అమ్మొద్దు."