కూర్చోని కండక్టర్

పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది గానీ కండక్టర్ నోరు మాత్రం పడిపోలేదు. మూడు నెలలుగా ఆసుపత్రిలో అందరినీ తిట్టిపోస్తున్నాడు. ఆ రోజు వ్యాయామాలు చేయించే అమ్మాయి ఆయన్ని కళ్ళు మూసుకోమంది.

"పచ్చిక మీద మెల్లగా నడుస్తున్నట్టు ఊహించుకోండి బాబాయ్. మనసులో నడుస్తుంటే కాలికి నడక గుర్తొస్తుంది."

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. "పచ్చికేంటి, నా మొహం! ఇరవై తొమ్మిదేళ్ళు బస్సులో నడిచాను. కదలని నేల మీద నడిచిందెప్పుడు నేను?"

"అయితే బస్సులోనే నడవండి," అంది ఆ పిల్ల తొణక్కుండా.

పళ్ళు పటపట కొరుకుతూ కళ్ళు మూసుకున్నాడు. వెనక తలుపు దగ్గర్నుంచి సీట్ల మధ్యగా బయల్దేరాడు. మలుపులో బస్సు ఒరిగితే కడ్డీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. అడ్డంగా పెట్టిన సంచులు దాటాడు. "ముందుకు జరగండి!" అని కసిరాడు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ సగం దూరం వచ్చేసరికి ఓ ముసలాయన లేచి నిలబడ్డాడు.

"పాపం, కూర్చో నాయనా."

కండక్టర్ దిగ్గున కళ్ళు తెరిచాడు. "నా బస్సులో, నా బుర్రలో, నాకే సీటిస్తాడా! డ్యూటీలో ఒక్కనాడు కూర్చున్నానా నేను?"

"ఇవాళ్టికి చాల్లెండి," అంటూ పక్కనే ఉన్న భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి విదిలించుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

"నువ్వూరుకో. వెనక తలుపు దగ్గర్నుంచి మళ్ళీ వస్తున్నా. ఈసారి ఎవడు లేస్తాడో చూస్తా."