గాలివాన నాటి డికాక్షన్

బెంగళూరు పక్క బొమ్మసంద్రలో ఒక పంపుల ఫ్యాక్టరీ గేటు ఎదుట పిల్లమ్మ పదకొండేళ్లుగా బండి మీద టీ పెడుతోంది. మబ్బు కమ్మిన రోజున డికాక్షన్ సరిగా దిగదని ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. రెండు చెంచాల పొడి ఎక్కువ వేసి, ఇంకాసేపు మరిగించి నెట్టుకొచ్చేది.

1998 మే నెలలో రోడ్డు వెడల్పు చేస్తామని బండి తీసెయ్యమన్నారు. అప్పుడే ఫ్యాక్టరీ క్యాంటీనులో టీ పెట్టే మనిషి కావలసివచ్చింది. అది దక్కకపోతే పొయ్యి పెట్టుకోవడానికి ఆమెకు జానెడు చోటు లేదు. శుక్రవారం మూడింటికి రుచి చూసి తేలుస్తానన్నాడు మేనేజరు వెంకటరాయప్ప.

ఆ మధ్యాహ్నమే ఆకాశం నల్లబడింది.

"ఈ పాడు మబ్బు ఈ పొద్దే రావల్లనా! నీళ్లు తెర్లుతానే ఉండాయి, రంగు దిగేదే లేదు సారూ."

టీకి వచ్చిన ఫ్యాక్టరీ కుర్ర ఇంజనీరు స్టాన్లీ నవ్వాడు. "గాలివానప్పుడు గాలి ఒత్తిడి తగ్గుద్ది అక్కా, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. కుక్కర్లో పెట్టు, సారమంతా దిగుద్ది!"

"టీకి కుక్కరా? పప్పు కూడా వేసేదా ఏమప్పా!"

అతడు నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. ఆమె మాత్రం పక్కన ఇడ్లీలమ్మే శాంతమ్మ దగ్గర పాత కుక్కరు అడిగి తెచ్చింది. దాని సేఫ్టీ వాల్వు ఎప్పుడో పోతే రేకుముక్కతో మూసేశారు. నీళ్లలో పొడి వేసి, మూత బిగించి, కిరోసిన్ స్టవ్వుకు గాలి కొట్టింది.

విజిల్ రాలేదు. ఉబ్బిన ఆకు ఆవిరి దారిని పూడ్చేసిందని ఆమెకు తెలియదు. ఇంకా వేడెక్కలేదనుకుని మళ్లీ గాలి కొట్టింది. మూడు కావస్తోంది. చినుకులు మొదలయ్యాయి. రంగు చూద్దామని బలవంతంగా మూత పిడి తిప్పింది.

కుక్కరు మూత ఎగిరిపడిన చప్పుడుకు వాచ్‌మన్ ఆవులప్ప పరుగెత్తుకొచ్చాడు. పిల్లమ్మ ముఖం మీద, మెడ మీద, కుడిచేతి మీద టీ ఆకు అతుక్కుపోయి ఉంది. కింద వాననీటిలో డికాక్షన్ నల్లగా పారుతోంది.

"తమాషాకన్నాను అక్కా..." అంటూనే స్టాన్లీ ఆటో పిలుచుకొచ్చాడు.

ఆటోలో పడుకోబెడుతుంటే ఆమె ఒక్కటే అడిగింది. "మేనేజరు సారు వచ్చినాడా? రంగు దిగిందా?"

"దిగింది అక్కా," అన్నాడు స్టాన్లీ.

ఆరు వారాలకు కట్లు విప్పుకుని వచ్చేసరికి గేటు ముందంతా కంకర పరిచి ఉంది. లోపల క్యాంటీనులో ఇంకొకామె టీ పెడుతోంది. స్టాన్లీ ఒక గ్లాసు తెచ్చి, తలెత్తకుండా అందించాడు. పిల్లమ్మ ఎడమచేత్తో పట్టుకుని ఒక గుక్క తాగింది.

"పల్చగా ఉండాదప్పా," అని, మిగిలింది కూడా నిలబడే తాగేసింది.