అడగలేకపోయిన మాత్ర

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. చైతన్యపురిలో కడుతున్న ఇంటికి ఇటుకల లెక్క కట్టడానికి వెళ్లాను. ఆ పని నాకెవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. రెండో అంతస్తుకు ఎక్కుతూ ఊపిరి అందక మెట్ల మీదే కూలబడ్డాను.

"ఏంది మల్లేశన్నా, పొద్దుగాల్నే ఏసినవా?" అని మేస్త్రీ నవ్వాడు. నేను తాగను. అయినా తల దించుకున్నాను.

కొన్ని నెలలు ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్ పీల్చాను. కాళ్లు వాచాక గుండెకు ఎకో తీశారు. తర్వాత ఊపిరితిత్తులకు వీక్యూ స్కాన్, సీటీ యాంజియో.

"ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పాత క్లాట్స్ ఉన్నాయి. అందుకే అక్కడ ప్రెషర్ పెరిగింది. ఈ జబ్బును సీటెఫ్ (CTEPH) అంటారు. మీవి చిన్న కొమ్మల్లో ఉన్నాయి, సర్జరీకి అందవు" అన్నారు డాక్టరు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, ప్రెషర్‌కు రోజూ మూడు సిల్డెనాఫిల్ రాశారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందు చివరి మెడికల్ షాపాయన చీటీ చూసి కన్నుగీటాడు. "ఏం గురువుగారూ, రోజుకి మూడా! మంచి హుషారు మీదున్నారండీ!"

వెనకవాళ్లు కిసుక్కుమన్నారు. అది మగతనానికి కూడా వాడే మందని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఎవరూ ఎరగని చోటని బస్సెక్కి హయత్‌నగర్ వెళ్లి కొనేవాణ్ని. నా భార్య యాదమ్మకు కూడా చెప్పలేదు.

బంద్‌తో బస్సులు ఆగాయి. ఆరు మాత్రలే మిగిలాయి. రోజుకొకటి వేసుకుంటే ఆరు రోజులొస్తాయని లెక్కవేశాను. సందు చివరి షాపు సగం షట్టర్ ఎత్తి తెరిచే ఉంది. అటు పోలేదు. నాలుగో రోజు స్నానాల గదిలో స్పృహ తప్పి పడ్డాను.

ఎల్బీ నగర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. "డోసు ఎందుకు తగ్గించారు?" అని డాక్టరు అడిగారు.

"బంద్ కదా సార్" అన్నాను.

"మన సందుల దుకాణం తెరిసే ఉన్నది గద?" అంది యాదమ్మ. షాపాయన నవ్వుల సంగతి చెప్పక తప్పలేదు.

"సిగ్గుకు సస్తవా ఏందయ్యా!"

"డోసు లెక్క కూడా మీరే వేస్తే ఇక మేమెందుకండీ?" అన్నారు డాక్టరు.

డిశ్చార్జ్ అయ్యాక యాదమ్మ నన్ను నేరుగా ఆ షాపుకే తీసుకెళ్లింది. నలుగురి ముందూ చీటీ పెట్టింది.

"మా ఆయనకు ఊపిరితిత్తుల్ల బీపీ. గీ గోలీలు లేకుంటే పానం పోతది. నవ్వుడు అయినంక ఇయ్యి."

"తెలీక అన్నానక్కా" అన్నాడాయన, ముఖం చిన్నబుచ్చుకుని.

నేను ఆమె వెనక నేల చూస్తూ నిలబడ్డాను. నేను అనాల్సిన మాట ఆమె అనాల్సి వచ్చింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

ఇప్పుడు మెట్రో మెట్లు ఆగి ఆగి ఎక్కుతాను. వార్ఫరిన్, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్షలు ఆగలేదు. ఆ మాత్రలూ ఆగలేదు. సాటి రోగులకు ఒక్కటే చెబుతాను: డాక్టరు చెప్పకుండా ఈ మందు తగ్గించకండి, షాపులో మందుతోపాటు జబ్బు పేరూ చెప్పండి. నాకైతే ఇప్పటికీ గొంతు తగ్గుతుంది. షాపాయన "ఏంటండీ?" అంటే రెండోసారి చెబుతాను.