జెల్ల నోట్లో గుడ్లు

ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. ఈ ఒక్క మాట పాతికేళ్ళపాటు నేను ఎవరితోనూ అనలేదు. అనకపోవడమే కాదు, ఆయన చెప్పినదాన్ని హాస్యకథగా మార్చి చెప్పి నలుగురినీ నవ్వించాను. ఆ కథ విన్నవాళ్ళు ఇంకా మద్రాసులో చాలామంది ఉన్నారు. ముఖ్యంగా వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ట్రాములు ఆగిపోయాక, రాష్ట్రం విడిపోయాక గడిచిన మొదటి సంవత్సరాలు అవి. నాకు ఇరవైనాలుగేళ్ళు. మైలాపూరులో ఒక తెలుగు బడిలో ప్రకృతి శాస్త్రం చెప్పేవాణ్ణి. సముద్రపు ఒడ్డున ప్రజలు చూడడానికి ఒక చేపల శాల ఉండేది. గాజు తొట్లలో సముద్రప్రాణులు, గోడల మీద పటాలు, బడిపిల్లలకు వివరించి చెప్పే మనుషులు. మద్రాసులో మ్యూజియాన్ని సెత్త కాలేజీ అని, అంటే చచ్చినవాటి కాలేజీ అని, జంతువులుండే చోటును ఉయిరు కాలేజీ, ప్రాణమున్నవాటి కాలేజీ అని అనేవారు. ఆ వరసలోనే మా పిల్లలు దీన్ని చేపల కాలేజీ అనేవాళ్ళు.

అక్కడికి మా ఆరో తరగతిని తీసుకువెళ్ళడం నా ఆలోచనే. రెండు ఆదివారాలు కూర్చుని గుడ్డ మీద చేప పటం గీశాను. మొప్పలకు ఎరుపు, రెక్కలకు నీలం. చేప తినని ఇంట్లో పుట్టినవాణ్ణి. చేపను నేను పుస్తకాల్లో తప్ప దగ్గరగా చూసింది తక్కువ. ఆ సంగతి అప్పట్లో నాకు లోటుగా తోచలేదు.

శాలలో తమిళానికీ ఇంగ్లీషుకూ వివరించేవాళ్ళు ఉన్నారు. తెలుగుకు లేరు. రాయపురం నుంచి వచ్చే ఒక తెలుగాయన, తొట్లకు ఉప్పునీళ్ళు మోసే మనిషి, తెలుగు బడులు వచ్చినప్పుడు చెప్పడానికి మూడు నెలల పరీక్ష మీద కుదిరాడు. నలభై దాటి ఉంటాయి. మెడలో నల్లతాడుకు చిన్న శిలువ. ఉతికి ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా. గుమ్మంలోనే నాకు దణ్ణం పెట్టాడు.

"అయ్యోరా, పోయేటప్పుడు ఆ పుస్తకంలో రెండు మంచి ముక్కలు రాయండి సామీ. బడి అయ్యవార్లు రాసిందే చూస్తారంట. నీళ్ళు మోసి మోసి భుజం పోయింది."

సరేనన్నాను. ఒక తొట్టి దగ్గర నా పటం విప్పి పాఠం మొదలుపెట్టాను. మొప్పల దాకా వచ్చేసరికి వెనక వరస ఖాళీ. మధ్య వరస పలచబడింది. పటం పట్టుకోవడానికి నిలబెట్టిన ఇద్దరు పిల్లలు కూడా మెడలు అటే తిప్పి ఉన్నారు. నా పిల్లలంతా మూల తొట్టి దగ్గర ఆయన చుట్టూ చేరారు.

"గాజుకి ముక్కులు ఆనించబాకండప్పా, మసక పడతాది. ఈడ చూడండి, ఈడు జెల్ల. ఏమన్నా నోరు తెరస్తా ఉండాడా?"

"లేదన్నా. ఎందుకు తెరవడు?"

"ఎట్టా తెరస్తాడు? నోట్లో పిల్లకాయలుండారు గదా! ఆడది గోలీలంతేసి గుడ్లు పెట్టేసి దాని దోవన అది పోయింది. మోసేది నాయనే. ఇరవై దినాలుగా ఈడికి పస్తు. రొయ్య ఏస్తే మొగం తిప్పుకుంటాడు."

"మా నాయన ఒక్క పూట కూడా ఉండలేడన్నా!"

"మీ నాయన జెల్ల కాడు గదరా!"

పిల్లలు పగలబడి నవ్వారు. నా తరగతిలో వాళ్ళు అలా నవ్వగా నేను ఎన్నడూ వినలేదు. పటం చుట్టేసి అక్కడికి వెళ్ళాను.

"పిల్లలకు కట్టుకథలు చెప్పకండి. కొన్ని చేపలు తమ గుడ్లు తామే తింటాయి. ఇదీ అంతే" అన్నాను.

ఆయన కోప్పడలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "అయ్యోరు ఎప్పుడన్నా జెల్లని తిన్నారా?"

ఒకడు కిసుక్కుమన్నాడు. మా ఇంటి సంగతి వాళ్ళకు తెలుసు.

"తినకపోతే పోనీండి. కోసేది అన్నా చూసినారా?"

ఈసారి అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. నాలిక కరుచుకుని, "ఊరికే అడిగినా సామీ" అన్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

గుమ్మం దగ్గర బల్ల మీద సందర్శకుల పుస్తకం ఉంది. ఆయన దూరంగా నిలబడి, నేను కలం తీయడం చూస్తున్నాడు. మంచి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశాను. ఈ మనిషికి చదువు లేదు, తండ్రి చేప నోట్లో పిల్లల్ని పెంచుతుందంటూ పిల్లలకు అశాస్త్రీయమైన మాటలు నేర్పుతున్నాడు, ఈ పనికి తగడు అని. సంతకం కింద నా డిగ్రీ కూడా వేసుకున్నాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. నాలుగు వరసలు నిండుగా కనిపించి సంతోషించినట్టున్నాడు. మళ్ళీ దణ్ణం పెట్టాడు.

ఎక్కడికైనా వెళ్ళివస్తే మర్నాడు పిల్లలు చూసినది రాసి తేవాలని మా బడిలో నియమం. ముప్పైరెండు పుస్తకాలు వచ్చాయి. ఒక్కదాంట్లో కూడా నా పటం లేదు. అన్నిటిలోనూ జెల్ల ఉంది, దాని పస్తు ఉంది, "చేపల అన్న" ఉన్నాడు. ఒక పిల్ల జెల్ల బొమ్మ వేసి, మూసిన నోటి లోపల చుక్కలు పెట్టింది. నేను ఎర్ర సిరాతో అన్నిటికీ "తప్పు" అని కొట్టాను. ఆ బొమ్మ మీద కూడా.

నెల తిరగకముందే గ్రంథాలయంలో వేరే పని మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తీశాను. అందులో అర పేరా. సముద్రపు జెల్లల్లో మగది గుడ్లను నోట్లో ఉంచుకుని, అవి పిల్లలయ్యేదాకా తిండి మానేస్తుందని. మూడుసార్లు చదివాను. నాకు ముందు సిగ్గు కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. ముందు కలిగింది కోపం. పుస్తకం తెరవకుండా ఇది ఆయనకెలా తెలియాలి? పుస్తకాన్ని ఉన్నచోట పెట్టకుండా, పై అరలో వెనక వరసకు తోసి ఇంటికి వచ్చాను.

మరుసటి ఏడు మళ్ళీ పిల్లల్ని తీసుకువెళ్ళాను. తెలుగుకు ఎవరూ లేరు. ఆయన కావడితో ఉప్పునీళ్ళు మోస్తూ పక్క గుమ్మంలో ఎదురయ్యాడు.

"బాగుండారా అయ్యోరా?" అని తనే పలకరించాడు.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. శాల అధికారి గది పది అడుగుల దూరంలో ఉంది. "ఎండ ఎక్కువగా ఉంది" అన్నాను.

"అవునప్పా" అని కావడి భుజం మార్చుకుని వెళ్ళాడు. ఆపై ఏడు ఆయన అక్కడ లేడు.

ఆ తర్వాత ఉపాధ్యాయుల గదిలో ఈ కథ నేనే చెప్పేవాణ్ణి. నీళ్ళు మోసేవాడు, తండ్రి చేప, నోట్లో పిల్లలు. ఆయన యాస కూడా పట్టేవాణ్ణి. అందరూ నవ్వేవారు. నవ్వినప్పుడల్లా ఆ రోజు తొట్టి దగ్గరి నవ్వును కొంచెం గెలిచినట్టుండేది.

పోయిన ఏడు, ఆ ముప్పైరెండుమందిలో ఒకడు, ఇప్పుడు తనూ బడిపంతులే, మా ఇంటికి వచ్చాడు. జెల్ల సంగతి తన పిల్లలకు కూడా చెబుతాడట. "మోసపోకండి, మా అయ్యవారు ఎర్ర సిరాతో కొట్టారని చెబుతుంటాను సార్" అని నవ్వాడు.

మర్నాడు ఉదయం రాయపురం వెళ్ళాను. చేపల శాలలో పనిచేసిన తెలుగాయన అంటే మూడో మనిషే చెయ్యి చూపించాడు. ఒడ్డున చేపల వేలంపాట ముగిసింది. ఆడవాళ్ళు గంపల్లో మిగిలిన చేపలు ఏరుతున్నారు. ఆయన వాళ్ళ మధ్య పీట వేసుకుని కూర్చుని వల చిక్కు తీస్తున్నాడు. జుట్టంతా నెరిసింది. అదే శిలువ.

"ఎవురప్పా?"

చెప్పాను. వల పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు.

"పటం తెచ్చిన అయ్యోరా! ఈడికెందుకొచ్చినారు, ఈ వాసనలో?"

"ఆ పుస్తకంలో నేనేం రాశానో చెప్పడానికి."

"తెలుసులేప్పా. ఆ వారమే అధికారి అరవంలో చదివి వినిపించినాడు. వచ్చే నెల నించి చెప్పేది ఒద్దు, నీళ్ళు మోయి అన్నాడు."

అంటే పక్క గుమ్మంలో "బాగుండారా" అని పలకరించిన రోజుకు ఆయనకు అన్నీ తెలుసు. తడి ఇసుకలోనే కూర్చున్నాను. ఏరడం ఆపి ఆడవాళ్ళు చూస్తున్నారు. ఆయన్ను పిల్లల ముందు అబద్ధీకుణ్ణి చేశాను కనుక, ఆ ఆడవాళ్ళందరికీ వినపడేట్టే అన్నాను.

"జెల్ల సంగతి మీరు చెప్పిందే నిజం. ఆ నెలలోనే పుస్తకంలో చూశాను. చూసి కూడా చెప్పలేదు. నా పిల్లలు నన్ను వదిలి మీ దగ్గరికి వచ్చారని ఓర్వలేకపోయాను. మీ పని పోగొట్టింది నేనే, మిమ్మల్ని ఇన్నేళ్ళు నవ్వులపాలు చేసింది నేనే. నన్ను క్షమించండన్నా."