చిప్పు మీద నంబరు

ఆ వీధిలో కంప్యూటర్లు బాగుచేసే ఆవిడను అందరూ స్క్రూల పిన్ని అంటారు. ఊడదీసిన స్క్రూలు దొర్లిపోకుండా మణికట్టుకు అయస్కాంతం కట్టుకుని, వాటిని దానికి అతికించుకుంటుంది. వాళ్ల నాన్న దగ్గర టీవీల రిపేరు నేర్చుకుంది. జనం టీవీలు బాగుచేయించుకోవడం మానేసి పారేయడం మొదలుపెట్టాక కంప్యూటర్ల మీద పడింది. చిన్న కొట్టు. సగంలో ఆవిడ బల్ల, సగంలో వదిన కుట్టుమిషను.

ఒక సోమవారం పొద్దున్నే, ఇళ్ల ప్లాన్లు గీసే మాష్టారు తన కంప్యూటరును చంటిపిల్లాడిని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చారు. నెల క్రితం ఆయనకు గ్రాఫిక్స్ కార్డు అమ్మింది పిన్నే. అది ఉంటే కట్టబోయే ఇంటిని తెర మీద అటూ ఇటూ తిప్పి చూపించవచ్చు. కార్డుతో పాటు వచ్చిన సీడీలోని డ్రైవరుతో, అంటే కార్డును నడిపే ప్రోగ్రాముతో, మూడు వారాలు బాగానే నడిచింది. ఇప్పుడు తెర మీద అక్షరాలు గుమ్మడికాయలంత కనిపిస్తున్నాయి.

"మీరేదో నొక్కి ఉంటారు మాష్టారూ," అంది పిన్ని అలవాటుగా.

"అప్‌డేట్ కావాలా అంటే సరే అన్నానమ్మా. అప్పట్నుంచీ ఇంతే," అన్నారాయన, తప్పు చేసిన పిల్లాడిలా.

డ్రైవరే కదా, గంటలో అయిపోతుందనుకుంది. సీడీలోది వేస్తే, నమ్మదగింది కాదని కంప్యూటరు తోసేసింది. కంపెనీ సైటులోంచి కొత్తది దింపి వేస్తే, "సరిపడే కార్డు కనబడలేదు" అంటుంది. పాత డ్రైవరు ఆనవాళ్లన్నీ తుడిచేసి మళ్లీ వేసింది. కార్డు పళ్లను రబ్బరుతో రుద్ది, ఇంకో సందులో గుచ్చింది. మంగళవారం సిస్టమంతా మొదటినుంచీ ఎక్కించింది. ప్రతిసారీ అదే మాట.

"కంప్యూటరేమో కార్డు ఉందంటోంది, డ్రైవరేమో లేదంటోంది. మధ్యలో నాకు పిచ్చెక్కుతోంది వదినా!"

"ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు," అంది వదిన, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

వదిన సరదాకే అంది గానీ, పిన్ని చెయ్యి ఆగిపోయింది. బుధవారం కార్డు మీది ఫ్యాను విప్పి, చిప్పుకు పట్టిన జిగురును తుడిచింది. కింద నంబరుంది, చీమ తలకాయంత అక్షరాల్లో. ఎంత కళ్లు చికిలించినా ఆనలేదు. అప్పుడే ఎంతవరకు వచ్చిందో కనుక్కుందామని మాష్టారు వచ్చారు. జేబులోంచి భూతద్దం తీసి, ఒక్కో అంకె చదివి వినిపించారు.

పిన్ని ఆ నంబరు కొట్టి ఇంటర్నెట్‌లో వెతికింది. అది పన్నెండేళ్లనాటి చిప్పు. ఎవరో దాని మెమరీలో కొత్త పేరు రాసి, పైన కొత్త స్టిక్కరు అంటించారు. సీడీలో దానికి తగ్గట్టు మార్చిన డ్రైవరు పెట్టారు. కంపెనీ డ్రైవరు మాత్రం మోసపోలేదు.

"మంచి నంబరేనా అమ్మా?" అన్నారు మాష్టారు.

తనూ డ్రైవరు ఫైలులో రెండు లైన్లు మార్చి, తనిఖీ ఆపేస్తే చాలు, ఎక్కుతుంది. కొన్నాళ్లు నడుస్తుంది కూడా. కుట్టుమిషను చప్పుడు ఆగింది. వదిన తననే చూస్తోందని తెలుస్తూనే ఉంది.

"కాదు మాష్టారూ. ఇది నకిలీ కార్డు. చూసుకోకుండా మీకు అంటగట్టింది నేనే. మీరు నొక్కడంలో తప్పేమీ లేదు, ఆ అప్‌డేటే దొంగ డ్రైవరును పట్టేసింది."

ఆయన భూతద్దాన్ని గుడ్డతో నెమ్మదిగా తుడుచుకున్నారు. "మూడు రోజులుగా మా ఆవిడతో ఒకటే అంటున్నానమ్మా, నాకు వయసైపోయింది, ఇక ఈ పనులు నా వల్ల కావని. గీయడం మానేద్దామనే అనుకున్నాను."

ఆ మాటకు పిన్ని తల ఎత్తలేకపోయింది. తన కంప్యూటరులోని మంచి కార్డు ఊడదీసి ఆయనదాంట్లో బిగించింది. డ్రైవరు ఒక్క దెబ్బకి ఎక్కింది. మాష్టారు ఒక ఇంటి మెట్లను తెర మీద గిర్రున తిప్పి, "ఇదిగో, ఇక్కడ తల తగులుతుంది, మార్చాలి," అని తనలో తానే అనుకున్నారు.

ఆయన వెళ్లాక పిన్ని చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?" అంది వదిన.

"అలాంటివి మూడు తెచ్చాను. ఒకటి వీడియోలు ఎడిట్ చేసే అతనికిచ్చాను, ఇంకోటి దంతాల డాక్టరుగారికి."

సంగతి చెబితే డాక్టరుగారు నవ్వి ఊరుకున్నారు. ఎడిటింగు అతను మాత్రం తన కొట్టునిండా జనం ఉండగా పావుగంట సేపు కడిగిపారేశాడు. పిన్ని అడ్డు చెప్పకుండా అంతా విని, అతను అలిసిపోయాక, స్క్రూడ్రైవరు తీసి అతని కంప్యూటరు విప్పడానికి బల్ల ముందు కూర్చుంది.