దొరగారి క్షేమానికి జామీను

కంటిపాపలా కాచే తండ్రికి స్తోత్రం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో విదేశీ విశ్వవిద్యాలయం నుంచి ఒక దొర జమ్మలమడుగు వచ్చాడు. పెన్న ఒడ్డు పల్లెల్లో ఆడవాళ్లు పాడే తిరగలి పాటలు సేకరించడం ఆయన పని. మిషన్ బడి పంతులినైన నేను ఆయనకు దుబాసీని. ఒకరోజు ఆ విశ్వవిద్యాలయం ఉత్తరం రాసింది. దొర క్షేమానికి స్థానిక పెద్ద ఎవరైనా పూచీపడి సంతకం చేయాలట, లేకపోతే గ్రాంటు ఆపేస్తారట. గ్రాంటు ఆగితే ఆయన ఓడెక్కాల్సిందే.

ఊరి పెద్ద రైతు దగ్గరికి వెళ్లాం.

"ఈయప్పకు పగోళ్లు యాడున్నారు అయ్యవారూ?"

"ఎవరూ లేరు. అది వాళ్ల పద్ధతి."

"పగోళ్లు లేకుంటే జామీనెందుకప్పా? నా దగ్గర దాస్తాండావు."

అనుమానంతోనే రైతు సంతకం చేసి, ఇచ్చిన మాటకు కట్టుబడి, దొర చుట్టూ కట్టెలు పట్టిన మనుషులను నడిపించాడు. వాళ్లను చూసి పల్లెంతా తలుపులు వేసుకుంది. దొర శానా క్షేమంగా ఉన్నాడు, పాట మాత్రం ఒక్కటీ దొరకలేదు. పాటలు పంపకపోయినా గ్రాంటు ఆగుతుంది.

ఆదివారం ఆయనను మా చర్చికి తీసుకుపోయాను. కాపలావాళ్లు చెప్పులతోపాటు కట్టెలూ గుమ్మం బయట వదిలి వచ్చి చాపమీద కూర్చున్నారు. ఆరాధన ముగిశాక ఆ పల్లె అవ్వ ఒకామె వాళ్లను తేరిపార చూసింది.

"కట్టె లేకుంటే వీళ్లూ మన పిల్లోళ్లే గదమ్మా!" అని తిరగలి పాట ఎత్తుకుంది. కాపలావాళ్లు వంత పాడారు. దొర ఆపకుండా రాసుకున్నాడు.

దూరదేశాల నుంచి పూచీ అడిగేవారి కోసం, పూచీపడి నిద్ర మానుకునేవారి కోసం, చదువరీ, నాతో కలిసి ప్రార్థించు.