ఒక్కటే ఉప్పుగిన్నె

సర్వేయరు గారికి ఉన్న పిచ్చి ఒక్కటే: టేపు పెట్టి కొలవందే భోజనాల బల్ల మీద పళ్ళెం పెట్టరు. ఆయన ఉద్యోగం వదిలి తొమ్మిదేళ్ళయినా టేపు ఆయన్ని వదల్లేదు. కొలవడానికి పొలాలు లేక బల్ల మీద పడ్డారు.

పరిచేది వాళ్ళమ్మ నాటి ఆకుపచ్చ గాజు సామాను. పళ్ళేనికీ పళ్ళేనికీ మధ్య జానెడు, పళ్ళేనికీ గ్లాసుకీ మధ్య నాలుగు వేళ్ళు. చిన్నకోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఓ గ్లాసు కాస్త పక్కకి జరిపింది.

"అమ్మాయ్, పక్కవాళ్ళ హద్దులోకి వెళ్ళావు."

"గ్లాసు మామయ్యా, ప్రహరీగోడ కాదు."

"మా ఆఫీసుకి హద్దు తగాదాతో వచ్చిన ప్రతివాడూ 'ఇంతేగా' అనేవాడు."

రెండో నియమం ఇంకా విడ్డూరం. బల్లకి అడ్డంగా చెయ్యి చాపకూడదు. పాత గాజు, మోచెయ్యి తగిలితే పోతుంది. ఏది కావాలన్నా పక్కవాళ్ళని అడగాలి. సెట్టులో ఉప్పుగిన్నె ఒక్కటే మిగిలిందట. వంటలో మాత్రం ఉప్పు సగమే వేయిస్తారు, ఎవరి రుచి వాళ్ళదని. దాంతో భోజనమంతా ఆ గిన్నె బస్సులో టికెట్టులా చేతులు మారుతూ ఉంటుంది.

ఆ ఆదివారం కోడలికి నవ్వు రాలేదు. బావగారికి బదిలీ అయింది, మర్నాడే ప్రయాణం. ఆయనా, ఆమె మొగుడూ మాట్లాడుకుని రెండేళ్ళు. కారణం ఒక నిచ్చెన. తిరిగిచ్చేశానని తమ్ముడు, ఇవ్వలేదని అన్న. ఒకే బల్ల దగ్గర కూర్చుని విప్పని నోరు రేపు ఫోన్లో విప్పుతారా?

"మామయ్యా, మీరైనా ఓ మాట చెప్పండి."

"చెంచా పావంగుళం వంకరగా ఉంది," అన్నారాయన, టేపు తీస్తూ.

ఆమెకి ఒళ్ళు మండింది.

అన్నదమ్ములు పక్కపక్కనే కూర్చుని ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూసుకున్నారు. కూర చప్పగా ఉంది. ఉప్పుగిన్నె అన్నకి అవతల ఉంది. తమ్ముడు చెయ్యి చాపబోయాడు.

"గాజు," అన్నారు సర్వేయరు గారు తలెత్తకుండా.

తమ్ముడు రెండు ముద్దలు అలాగే మింగాడు. మూడోది దిగలేదు.

"ఉప్పు," అన్నాడు గోడతో.

"గోడకి చేతుల్లేవు," అన్నాడు అన్న.

"అన్నయ్యా. ఉప్పు."

గిన్నె జరిగింది. "తక్కువేసుకో. నీకు బీపీ."

"నీకెవరు చెప్పారు?"

"మీ ఆవిడ."

ఆవిడ తన పళ్ళెంలో ఏదో వెతుక్కుంది.

"నిచ్చెన మా అటక మీదే ఉంది," అన్నాడు అన్న. "అటకెక్కడానికి నిచ్చెన లేక ఇన్నాళ్ళూ చూళ్ళేదు. మొన్న సామాను సర్దడానికి పక్కింటి నిచ్చెన తెచ్చి ఎక్కితే దొరికింది."

"దొరికితే చెప్పవేం?"

"నువ్వు ఉప్పడగలేదుగా."

ఆ తర్వాత బల్ల మీద పడ్డ గోలకి గాజుసామాను ఎలా నిలిచిందో తెలియదు.

భోజనాలయ్యాక కోడలు గ్లాసులు తుడిచి బీరువాలో సర్దుతుంటే, వెనకాల కాగితాల పొట్లం చేతికి తగిలింది. విప్పింది. ఏడు ఆకుపచ్చ ఉప్పుగిన్నెలు. ఒక్కదానికీ చిన్న బీట కూడా లేదు.

వెనక్కి తిరిగితే మామగారు, చేతిలో టేపుతో.

"ఒక్కటే మిగిలిందన్నారు?"

"ఒక్కటే," అన్నారాయన.

ఆమె ఆయన్ని ఒక క్షణం చూసింది. పొట్లం ఉన్నది ఉన్నట్టు చుట్టి వెనక్కి నెట్టింది.

"ఇంకాస్త లోపలికి," అన్నారాయన బీరువాలోకి తొంగిచూసి. "నాలుగు వేళ్ళు."